ఆఖరి ఇరవై రెండు పేజీలు

నేను మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. "లెక్కల టీచర్‌కి నవలలెందుకండీ" అని మా స్టాఫ్ రూములో తెలుగు మేడం ఒకసారి నవ్వుతూ అన్నారు. నేనూ నవ్వేశాను గానీ ఆ మాట మర్చిపోలేదు. భవానీపురంలో మేముండే అపార్ట్‌మెంట్లో అసోసియేషన్ రూము ఊరికే పడి ఉంటే, అందులో ఒక బీరువా పెట్టించి, పుస్తకాలు పోగేసి, నెలకో ఆదివారం సాయంత్రం పదిమందిమి కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకునే ఏర్పాటు చేసింది నేనే. ఏడేళ్ళయింది. కరోనా రోజుల్లో తప్ప ఒక్క నెల కూడా మానలేదు.

పోయిన ఏడాది వేసవి సెలవుల ముందు అందరం కలిసి ఒక పాత నవల ఎంచుకున్నాం. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు కూడా అప్పుడే రెండు జట్లుగా విడిపోతారు. కథ మాత్రం చెప్తాను. డెల్టాలో ఒక పెద్ద రైతు కూతురు, ఊళ్ళోకి నాటకాలవాళ్ళతో వచ్చిన హార్మోనియం వాయించే మనిషి ప్రేమించుకుంటారు. అతనిది ఆ ఇంటి అరుగు కూడా ఎక్కనివ్వని కులం. ఎవరూ ఒప్పుకోరని ఇద్దరికీ తెలుసు. తెల్లవారకముందే ఏరు దాటి వెళ్ళిపోదామనుకుంటారు. మూట కట్టుకుని ఆ అమ్మాయి రేవుకి వస్తుంది. పడవలో అతను చెయ్యి చాస్తాడు. ఆమె ఎక్కుతుంది.

నాకు తెలిసిన కథ అంతే.

ఆ నవల నేను పందొమ్మిదో ఏట చదివాను. మాది మంగళగిరి. నాన్న మగ్గం నేసేవారు. మా వీధి చివర అద్దెకి పుస్తకాలిచ్చే కొట్టు మూసేస్తూ, మిగిలిపోయిన చిరుగుల పుస్తకాలు పిల్లలకి ఊరికే ఇచ్చేశారు. అందులో నాకు దొరికింది అది. వెనక అట్ట లేదు. ఆ అమ్మాయి పడవెక్కే దగ్గర అధ్యాయం అయిపోయి, పేజీలో కింద సగం ఖాళీగా ఉంది. కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. తర్వాత ఎక్కడైనా ఆ నవల మాటొస్తే, "అబ్బ, ఎంత విషాదమో" అనేవాళ్ళు. పుట్టింటి గుమ్మం శాశ్వతంగా దాటటమే ఆ విషాదం అనుకున్నాను. అప్పటికి నాకు అంతకన్నా పెద్ద విషాదం తెలీదు.

ఆ రోజుల్లోనే నేను విజయవాడలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు టైపు నేర్చుకునేదాన్ని. నా పక్క మిషను మీద కూర్చునే అతను పామర్రు దగ్గర పల్లెటూరివాడు. క్రైస్తవులు. వాళ్ళ నాన్న చేలల్లో కూలికి వెళ్ళేవాడు. ఏడాదిపాటు మా ఇద్దరి మధ్యా రిబ్బను గురించీ కార్బన్ పేపర్ గురించీ తప్ప వేరే మాట లేదు. ఆ తర్వాత వేరే మాటలూ వచ్చాయి. మా ఇంట్లో సంబంధాలు చూడటం మొదలెట్టగానే, ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద నిలబడి అతనికి ఆ నవల కథ చెప్పాను. "మనం కూడా వాళ్ళలాగే వెళ్ళిపోదాం" అన్నాను. అతను నా మొహంలోకి చాలాసేపు చూసి, "నీ పరీక్షలు అయిపోనీ" అన్నాడు. నాకు కోపం వచ్చింది. భయపడుతున్నాడనుకున్నాను.

పరీక్షలైన మూడో రోజు మంగళగిరిలో బస్సెక్కాను. బ్యారేజీ దాటుతుంటే కిటికీ ఊచ పట్టుకుని ఏరు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయి చెయ్యగలిగింది నేనెందుకు చెయ్యలేను అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. విజయవాడలో దిగేసరికి అతను బస్టాండులో ఉన్నాడు. ఆ రోజే రిజిస్టరు పెళ్ళి.

ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇంక ఆ నవల చదవాల్సిన పని నాకేముంది? మా గుంపుకోసం కొత్త ప్రతులు తెప్పించినప్పుడు నాకూ ఒకటి తీసుకున్నాను గానీ, కంఠతా వచ్చిన పుస్తకమే కదా అని రెండు వారాలు ముట్టుకోలేదు. ఒకరోజు స్కూలునించి వచ్చి, పొయ్యి మీద పప్పు పెట్టి, ఊరికే చివరి నుంచి తిరగేశాను. నేను చదివినదాంట్లో పద్దెనిమిది అధ్యాయాలు. ఇందులో ఇరవై ఉన్నాయి. చివరి రెండూ కలిపి ఇరవై రెండు పేజీలు.

అక్కడే నిలబడి చదివాను. పడవ ఏటి మధ్యకి వచ్చేసరికి అవతలి రేవులో ఆ అమ్మాయి అన్నలు కాచుకుని ఉంటారు. వెనక్కి తిప్పుదామంటే ఇవతల తండ్రి మనుషులు. ఇద్దరూ ఏట్లో దూకేస్తారు, బతకరు. ఆఖరి పేజీలో హార్మోనియం పెట్టె ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొస్తుంది.

పప్పు మాడిపోయింది. నేను వాసన కూడా పసిగట్టలేదు. మా ఆయనే వంటింట్లోకి వచ్చి స్టవ్ కట్టేశాడు. నా చేతిలో పుస్తకం చూసి ఏమీ అనలేదు. ఆ అనకపోవటం దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

"నీకు తెలుసా వీళ్ళు చచ్చిపోతారని?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"హాస్టల్లో ఉన్నప్పుడు చదివాను. నువ్వు పరిచయం కాకముందే."

"మరి నేను ఆ రోజు మెట్ల మీద, వాళ్ళలాగే వెళ్ళిపోదాం అంటే?"

"చచ్చిపోదాం అంటున్నావేమో అనుకున్నాను. ఇంకో రెండు మాటలు మాట్లాడాక అర్థమైంది, నీకు ఆఖరు తెలీదని."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వు బస్సెక్కేదానివా?"

ఎక్కేదాన్ని కాదేమో అనిపించి కోపం ఇంకా పెరిగింది. మూడు రోజులు "అన్నం పెట్టాను", "తాళం తీసుకెళ్ళు" తప్ప అతనితో ఏమీ మాట్లాడలేదు. నా జీవితంలో నేను సొంతంగా, ధైర్యంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే అని నాకు గర్వం. అది ధైర్యం కాదు, తెలియనితనం అని తేలిపోయినట్టనిపించింది. స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్క సగం చేసి ఆపేస్తే జవాబు కింద గీత గీయకూడదని రోజూ చెప్తాను. నేనే గీత గీసేశాను.

నాలుగో రోజు సాయంత్రం ఏటి ఒడ్డున నడుస్తుంటే అతనే మొదలెట్టాడు.

"ఆ హార్మోనియం అతను ఏం ఏర్పాటు చేసుకున్నాడో చెప్పు. అవతలి రేవులో వాళ్ళకోసం ఎవరున్నారు? దిగాక ఎక్కడ ఉంటారు? ఏం తింటారు? పుస్తకం మొత్తం పాటలు పాడాడు గానీ ఒక్కటీ ఆలోచించలేదు. ఆ ఆఖరు చదివి హాస్టల్లో అందరూ ఏడ్చారు. నాకు వాడి మీద కోపం వచ్చింది. నువ్వు వెళ్ళిపోదాం అన్నావు చూడు, ఆ మర్నాటినించి నాలుగు నెలలు తిరిగాను. మా అమ్మని ఒప్పించాను. ఊళ్ళో అయితే గొడవలవుతాయని బెజవాడలోనే గది చూశాను. జాబ్ టైపింగ్ షాపులో పని కుదుర్చుకున్నాను. సాక్షి సంతకాలకి ఇద్దర్నీ, ఏదైనా అయితే వచ్చి నిలబడటానికి ఒక లాయర్నీ మాట్లాడి పెట్టాను. నీ డిగ్రీ చేతికొస్తే నీ కాళ్ళ మీద నువ్వుంటావని పరీక్షలదాకా ఆగమన్నాను."

"ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు ధైర్యంగా ఉన్నావు. దాన్ని చెడగొట్టటం ఇష్టంలేకపోయింది. తప్పే. ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సింది."

తప్పే అని అతనన్నాక నాకు ఊపిరాడింది. అయినా కోపం అంతటితో పోలేదు. ఇంటికొచ్చి ఆ ఇరవై రెండు పేజీలూ మళ్ళీ చదివాను. ఈసారి కుర్చీలో కూర్చుని.

ఆ ఆదివారం మీటింగుకి పద్నాలుగు మంది వచ్చారు. ఎప్పుడూ అంతమంది రారు. మొదట మాట్లాడింది మాస్టారు. మా పక్క వీధిలో ఉంటారు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయనకి ఆ నవలంటే ప్రాణం.

"ఆ ఆఖరి అధ్యాయం లేకపోతే ఈ నవల ఎవరికి గుర్తుంటుందమ్మా? వాళ్ళు బతికి, కాపురం చేసుకుని, పిల్లల్ని కంటే అదొక మామూలు కథ. ఆ చావు మన గుండెల్లో గుచ్చుకుంది కాబట్టే ఇన్నేళ్ళు నిలబడింది."

వన్‌టౌన్‌లో టైలరింగ్ షాపు నడిపే ఆవిడ ఒకరున్నారు మా గుంపులో. అందరం అక్కా అన్నట్టు ఆపా అంటాం. చేతిలో పుస్తకం ఒళ్ళో పెట్టేసి అడిగింది. "చచ్చిపోతేనే ప్రేమ గుర్తుంటుందంటే, బతికున్నవాళ్ళం మేమంతా ఎవరం మాస్టారూ?"

కొందరు నవ్వారు. ఆపా నవ్వలేదు. "మా ఆయన పోయాక ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని నేను బతికాను. బతకటమే కష్టం. ఏట్లో దూకటం ఒక్క నిమిషం పని. రాసినాయనకి ఆ మర్నాడు పొద్దున ఏమవుతుందో రాయటం చేతకాలేదు."

అటుపక్కనించి ఒకావిడ, కన్నవాళ్ళ పరువు తీసిన పిల్లకి తగిన శాస్తే జరిగిందంది. దాని మీద పెద్ద గొడవైంది. అందరూ ఒకేసారి మాట్లాడారు. గొడవ కాస్త సద్దుమణిగాక మా కింద ఫ్లోర్ ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ కూతురు ఇంటర్ సెకండియర్. మా బీరువాలోంచి ఎక్కువ పుస్తకాలు పట్టుకెళ్ళేది ఆ అమ్మాయే.

"మా అమ్మాయి ఈ పుస్తకం అడుగుతోంది మేడం. అందుకే ముందు నేను చదివాను. ప్రేమిస్తే చావాలి, చస్తేనే గొప్ప. ఇదేగా ఇందులో ఉన్నది? ఆ వయసు పిల్లలకి చావు గురించి ఇంత అందంగా ఎవరైనా చెప్తారా? దీన్ని ఈ బీరువాలో ఉంచకండి. ఉంచితే మా పిల్లని ఇక్కడికి పంపను."

ఆ మాటలో పంతం లేదు, భయమే ఉంది. అందరూ నా వైపు చూశారు.

నా పెళ్ళి సంగతి అపార్ట్‌మెంట్లో అందరికీ తెలుసు గానీ నేనెప్పుడూ నోరు తెరిచి చెప్పుకోలేదు. ఆ రోజు చెప్పాను. వెనక అట్ట లేని పుస్తకం, టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లు, బస్సు, అన్నీ. మాకు ఏమీ కాలేదని అబద్ధం చెప్పలేదు. మా నాన్న తొమ్మిదేళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోన్లో మాట్లాడేవారు, వాన పడిందా, ఎండలెలా ఉన్నాయి అని. మా ఆయనతో మాత్రం చివరిదాకా ఒక్క మాట మాట్లాడకుండానే పోయారు. ఆయన పోయిన రోజున మా ఆయన వీధిలో చెప్పులు విప్పుకుని ఎండలో నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. మా అమ్మే చివరికి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అదీ చెప్పాను.

అంతా విన్నాక ఆపా మొహం వెలిగిపోయింది.

"ఇంకేం టీచర్‌గారూ! ఆ పేజీలు లేకపోబట్టే కదా మీరు ధైర్యం చేశారు. బీరువాలో పుస్తకంలోనూ పీకేద్దాం. పిల్లలు చావు గురించి చదవరు. ఈవిడ భయమూ తీరుతుంది."

చాలామందికి అది నచ్చింది. కింద ఫ్లోర్ ఆవిడ కూడా "పోనీ అలాగైనా చెయ్యండి" అంది. మాస్టారు ఒక్కరే రెండు చేతులూ తలకి పెట్టుకున్నారు.

ఆ వారమంతా నా లోపల తిరుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "వద్దు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వాకిట్లో వాచ్‌మన్ తొంగిచూశాడు.

"ఆ పేజీలు లేక నేను బస్సెక్కాను, నిజమే. కానీ ఆ పేజీలు చదివిన మనిషి బస్టాండులో ఉండబట్టి బతికాను. ఆయనా చదవకుండా ఉంటే ఇద్దరం చేతులూపుకుంటూ వెళ్ళి ఎక్కడ పడేవాళ్ళమో. సగం పుస్తకం ఇచ్చి పిల్లల్ని పంపటానికి నేను ఒప్పుకోను. బీరువాలోంచి తీసెయ్యటానికీ ఒప్పుకోను. ఇక్కడ లేకపోతే ఫోన్లో చదువుతారు, ఒంటరిగా చదువుతారు, ఏడ్చి దాచుకుంటారు. పుస్తకం మొత్తం ఉంటుంది. పట్టుకెళ్ళిన ప్రతి పిల్లా చదివాక నా దగ్గరికొచ్చి అరగంట కూర్చోవాలి. ఏ ఏర్పాటూ లేకుండా పడవెందుకెక్కారు, అన్నలకి అంత హక్కు ఎవరిచ్చారు, చావు తప్ప దారి ఉందా లేదా, అన్నీ మాట్లాడాలి. దానికి నేను పూచీ."

చేతులెత్తమన్నాం. ఉంచాలన్నవాళ్ళు ఎనిమిది మంది. వద్దన్నవాళ్ళు ఐదుగురు. ఆపా ఎటూ ఎత్తలేదు. కింద ఫ్లోర్ ఆవిడ పుస్తకం బల్ల మీద పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

వెళ్తూ వెళ్తూ మాస్టారు గుమ్మం దగ్గర ఆగారు. "ఎన్నో ఏళ్ళు ఆ ఆఖరి అధ్యాయం పిల్లలకి కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చదివి వినిపించానమ్మా. ఏం ఏర్పాటు చేసుకున్నాడురా వీడు అని వాళ్ళని ఒక్కసారి కూడా అడగలేదు" అన్నారు. ఒప్పుకున్నట్టా, బాధపడ్డట్టా నాకు తెలియలేదు. నవల గొప్పతనం గురించి మాత్రం ఆయన అభిప్రాయం అంగుళం మారలేదు.

తర్వాత రెండు నెలలు కింద ఫ్లోర్ ఆవిడ మీటింగుకి రాలేదు. లిఫ్టులో కనిపిస్తే తల పక్కకి తిప్పుకునేది. నేను మాత్రం ప్రతిసారీ "బాగున్నారా అండీ" అని పలకరిస్తూనే ఉన్నాను. మూడో నెలలో ఒక సాయంత్రం ఆ అమ్మాయే వచ్చి బీరువా ముందు నిలబడింది.

"ఆ నవల కావాలి మేడం."

"మీ అమ్మకి తెలియకుండా ఇవ్వను. పద, ఇద్దరం వెళ్దాం" అని ఆ పిల్లతో కిందకి దిగాను.

తలుపు తీసిన ఆవిడ మమ్మల్నిద్దర్నీ, నా చేతిలో పుస్తకాన్నీ చూసింది. తలుపు మూసేస్తుందేమో అనుకున్నాను. మూస్తే మర్నాడు మళ్ళీ వద్దామని కూడా నిశ్చయించుకున్నాను.

"నేను వద్దంటే కాలేజీలో తెచ్చుకుంటుంది, నాకు తెలుసు" అంది చివరికి. "ఇవ్వండి. కానీ మీరు మాట్లాడేటప్పుడు నేనూ ఉంటాను."

వారం తిరక్కుండా ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఆ పిల్ల ప్రేమ గురించి మాట్లాడుతుందనుకున్నాను. చావు గురించి అడుగుతుందేమోనని ఏమేం చెప్పాలో రెండు రోజులుగా ఆలోచించి పెట్టుకున్నాను. అది కుర్చీలో కూర్చోగానే, "నాకు అందరికన్నా ఆ తల్లి మీద కోపంగా ఉంది మేడం" అంది.

నవలలో ఆ తల్లి రెండు మూడు చోట్లే కనిపిస్తుంది. కూతురు కట్టుకున్న మూట ముందురోజే చూస్తుంది. చూసి, ఏమీ అనకుండా దాని మీద దుప్పటి కప్పేస్తుంది.

"మూట చూసింది కదా. కొడుకులు రేవులో కాపలా కాస్తారనీ తెలుసు. ఆపనైనా ఆపాలి, లేదా అన్నలు కాపలా ఉన్నారనైనా చెప్పాలి. ఏదో ఒకటి మాట్లాడొచ్చు కదా" అంది పిల్ల.

"ఏం మాట్లాడుతుందే? ఆ ఇంట్లో ఆవిడ మాట ఎవరు వింటారు?" అంది తల్లి వెంటనే.

"కూతురు వింటుందిగా."

"వింటుందని ఆవిడకి ఎలా తెలుస్తుంది? నువ్వు వింటున్నావా నా మాట?"

"నువ్వు వద్దు అంటావు. ఎందుకో చెప్పవు."

నేను కలగజేసుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. మా ఆయన హాల్లోకి వస్తుంటే చేత్తో ఆపేశాను. టీ మరిగేలోపల అవతల గొంతులు రెండుసార్లు పెరిగాయి, ఒకసారి బాగా తగ్గాయి. నేను కప్పులు పట్టుకెళ్ళేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. పిల్ల పుస్తకంలో ఆ దుప్పటి కప్పే పేజీ వెతికి అమ్మకి చూపిస్తోంది.

వెళ్ళేముందు ఆవిడ నాతో గట్టిగా చెప్పింది. "ఏమైనా సరే మేడం, ఈ నవల నాకు నచ్చలేదు. నచ్చదు కూడా."

"నచ్చక్కర్లేదండీ. వచ్చే ఆదివారం వచ్చి ఆ మాట అందరి ముందూ చెప్పండి" అన్నాను.

వచ్చింది. చెప్పింది కూడా. ఎందుకు నచ్చలేదో ఒక కాగితం మీద రాసుకొచ్చి మరీ చదివింది. మాస్టారు ప్రతి మాటకీ అడ్డుపడ్డారు, ఆపా ఆవిడ పక్షాన నిలబడింది. ఆ రోజు వేరే పుస్తకం గురించి మాట్లాడాల్సింది, దాని అట్ట కూడా తెరవలేదు.

ఇప్పటికి ఐదుగురు అమ్మాయిలు, ఒక అబ్బాయి ఆ నవల పట్టుకెళ్ళారు. ముగ్గురు తమంతట తాము వచ్చి నా దగ్గర కూర్చున్నారు. మిగిలిన ముగ్గుర్నీ నేనే వెళ్ళి ఎప్పుడొస్తారని అడుగుతున్నాను.